తారీఖు అడిగే మిషిన్

నేను చెప్పే కథల్లో నమ్మదగ్గది ఒక్కటీ లేదని మా తండాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మా చేనులో చెరకు మేసి మేసి ఒక అడవిపంది ఎంత తీపెక్కిందంటే, మిట్టమధ్యాహ్నం నిద్రపోతుండగా చీమలు బారులు తీరి దాన్ని నస్రుల్లాబాద్ దాకా మోసుకుపోయాయి. మధ్యలో మెలకువ వచ్చిందిగానీ పంది దిగలేదు. నడవడం కంటే అదే హాయిగా ఉందన్నది. ఒక పెండ్లిలో ఈ సంగతి చెబితే, జుక్కల్ నుంచి వచ్చిన చుట్టాలు తిరుగు ప్రయాణంలో ఆ చీమల పుట్ట ఎక్కడుందో చూపించమని నన్ను వెంటబెట్టుకుని పోయారు.

అట్లాంటి నాకు ఒక సీజన్‌లో నిజం చెప్పాల్సిన అవసరం పడింది. చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

అది ఎనభై ఎనిమిదిలో చెరకు ఆడే సీజన్. బీర్కూర్ దారిలో అప్పుడు ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు దాని పొగగొట్టం కూడా మిగలలేదు. దాని చెరకు ఆఫీసు బాన్సువాడలో ఒక కిరాయి ఇంట్లో నడిచేది. ఆ ఏడు ఆ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికి ఒక గది, గదికి పరదా, చెప్పులు గడప అవతలే. లోపలికి పోయినవాళ్లు గుడిలోకి పోయినట్టు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆ మిషిన్ ముందు కుర్చీలో కూర్చునేది నా బిడ్డ ధర్మి. బాన్సువాడలో ఇంటర్ చదివి, నిజామాబాద్‌లో టైపూ కంప్యూటరూ నేర్చుకుని వచ్చింది. సీజన్ ఉన్నన్నాళ్లే నౌకరి. అయితేనేం, మా తండా నుంచి ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్న మొదటి మనిషి. నేను ఏ పని లేకున్నా రోజూ ఆ వరండా దాకా పోయి బీడీ తాగి వచ్చేవాణ్ని.

ఇంట్లో మేం మాట్లాడేది లంబాడీ. రాయడం కోసం తెలుగు చేసుకున్నాను. నాన్నను మేం బా అంటాం, అమ్మను యాడి అంటాం. ఈ రెండు మాటలు మాత్రం మార్చలేదు. మారిస్తే నా బిడ్డ గొంతు నాకే వినపడదు.

ఫ్యాక్టరీకి అందరి చెరకు ఒక్కసారే అక్కర్లేదు. ముదిరింది ముందు, లేతది వెనక. ఎవరి వంతు వస్తే వాళ్లకు ఆఫీసు నుంచి కోత చిట్టీ వస్తుంది. చిట్టీ ఉంటేనే బండి గేటు దాటుతుంది. వంతు తప్పితే ముదిరిన చెరకు పూత పూసి, లోపల బెండు పడి, రసం ఇంకి కట్టె అవుతుంది. అంతకుముందు వంతులు పెట్టింది మనుషులు. వంతు ముందుకు జరగాలంటే వాళ్ల ఇంటికి కోడి నడిచిపోవాలి. మిషిన్ కోడి తినదు కదా అని ఆ ఏడు అందరం సంతోషపడ్డాం.

మిషిన్ లెక్క నాకు కూడా అర్థమయ్యేంత సులువు. ఎవరు ఏ తారీఖున చెరకు నాటారో దానికి చెప్పి పెట్టారు. నాటిన తారీఖుకూ నేటి తారీఖుకూ నడుమ ఎంత దూరమో అది కొలుస్తుంది. ఎవరి దూరం ఎక్కువైతే వాళ్ల చెరకు ముదురు. వాళ్ల పేరు మీద చిట్టీ అచ్చవుతుంది. చిట్టీ మీద తారీఖు ముద్ర మాత్రం చెరకు ఆఫీసరు ఎల్లన్న సారు తన చేత్తో కొట్టేవాడు. ఆ హక్కు ఆయన మిషిన్‌కు ఇవ్వలేదు.

దానికి ఒక గుణం ఉండేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అన్నీ మరిచి లేచేది. లేవగానే, ఎవరూ పని చెప్పకముందే, దాని అద్దం మీద రెండు సవాళ్లు వేసేది. ఇయ్యాల తారీఖెంత, టైమెంత. మా మేనత్త ఒకామె అచ్చం ఇట్లాగే ఉండేది. కునుకు తీసి లేస్తే చాలు, "ఇయ్యాల ఏ వారంరా?" అనేది. వారం చెప్పకుండా నీళ్లిచ్చినా తాగేది కాదు.

సీజన్ మొదలైన రోజు మిషిన్‌కు బంతిపూల దండ వేశారు. ఎల్లన్న సారు కొబ్బరికాయ కొట్టి, కండ్లు మూసుకుని, స్విచ్చి తనే వేశాడు. మంచివాడే, కానీ శకునాల మనిషి. కండ్లు తెరిచేసరికి మిషిన్ అడుగుతున్నది.

"ఏం అంటుందమ్మా?"

"తారీఖు అడుగుతుంది సార్."

ఆయన మొహం మాడిపోయింది. "శుభమా అని పని మొదలుపెడితే ముందుగాల సవాలా? ఇంట్లకెళ్లి బయలెల్లేటోన్ని ఏడికి అని అడుగుతమా మనం?"

"గది మిషిన్ గద సార్."

"మిషిన్ అయితే ఏంది బిడ్డా, మన గడపల ఉన్నది గద. రోజుకు పదిసార్లు కరెంటు పోతది, పదిసార్లు అడుగుతది. గా సవాల్ బంద్ చెయ్యి."

వరండాలో ఉన్న మేమందరం తలలు ఊపాం. బయలుదేరేవాణ్ని వెనక నుంచి అడగకూడదు. అడిగితే వాడు తిరిగి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. ఈ సంగతి తెలియని మనిషి మా వైపు లేడు.

ధర్మి దానికోసం మిషిన్‌తో వచ్చిన లావుపాటి పుస్తకం ముందేసుకుని కూర్చున్నది. ఇంటికొచ్చి నాకు చెప్పేది. మిషిన్ ఒళ్లయితే, దాని లోపల ప్రాణంలాగ డాస్ అని ఒకటి ఉంటుందట. అది నిద్ర లేవగానే ఏమేం చెయ్యాలో ఒక చిన్న ఫైల్లో రాసి పెడితే, ఎవరినీ ఏమీ అడగదట, రాసిందే చేసుకుంటూ పోతుందట.

"అంటే కోడలికి అత్త చెప్పి పెట్టినట్టు" అన్నాను.

"అత్త చెప్పినా కోడలు అడుగుతది బా. ఇది అడగది."

రెండు మూడు రోజుల తర్వాత స్విచ్చి వేస్తే మిషిన్ ఏమీ అడగలేదు. పైగా అద్దం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాం రాం అని వేసి, సక్కగా చెరకు లెక్కలోకి పోయింది. రాం రాం మా తండావాళ్ల పలకరింపు. చూడటానికి మా నాయక్, అంటే తండా పెద్ద, ధన్‌సింగ్ కూడా వచ్చాడు. ఆయన నా భార్య సోమ్లికి సొంత అన్న, నాకు బావ. చెప్పులు విడిచి, పరదా పక్కకు జరిపి, అద్దానికి రెండు చేతులూ జోడించి "రాం రాం" అన్నాడు. తర్వాత మేనకోడలి తల నిమిరాడు. ఎల్లన్న సారు అందరికీ చాయ తెప్పించాడు.

ఆ చాయ అరిగేలోపలే కష్టం మొదలైంది.

మొదటి చిట్టీ మా తండాలో నాకు వచ్చింది. ముందు నవ్వొచ్చింది. ఆ ఏడు మా మోటరు కాలిపోయి, ఉగాది పోయాక గానీ నేను చెరకు నాటలేదు. ధన్‌సింగ్ బావ నా కంటే ఎంతో ముందు, చలికాలంలోనే నాటాడు. ఆయన చేను అప్పటికే పూత పూసి తెల్లగా ఊగుతున్నది. నాది నమిలితే పచ్చిగడ్డి రుచి.

బావ గట్టు మీద ఎదురుపడ్డాడు. "ఏంది లోక్యా, నీ చెరుకుకు మీసాలు రాకముందే పెండ్లి చేస్తున్నరట?"

"పిల్ల తరఫోళ్లు తొందరపడుతుండ్రు బావా."

ఇద్దరం నవ్వుకున్నాం. చిట్టీ ఇంట్లో చిలుక్కొయ్యకు తగిలించాను. ఏదో పొరపాటు, రేపు బావకు కూడా వస్తుంది అనుకున్నాను. మర్నాడు వచ్చిన చిట్టీలు చూస్తే, పైవాడలో నాలాగే ఆలస్యంగా నాటిన వాళ్లకు వచ్చాయి. బావకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బీర్కూర్ నుంచి, నస్రుల్లాబాద్ నుంచి ముదురు చెరకు రైతులు ఆఫీసు వరండాలోకి వచ్చి అరవడం మొదలుపెట్టారు. లేత చెరకువాళ్లు మాత్రం సప్పుడు చేయకుండా కొట్టి తోలుకుపోయారు. ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, రసం నీళ్లలాగ ఉంది, ఏం పంపుతున్నారని.

ధర్మి తిండి మానేసింది. రోజూ అందరి నాటిన తారీఖులూ ఒక్కొక్కటే సరిచూసుకునేది. ఒక్క తప్పూ లేదు. మిషిన్‌ను ఆపి మళ్లీ లేపేది. రాం రాం అనేది, మళ్లీ అవే పేర్లు వేసేది.

"మొదట్ల సక్కగనే చేసింది బా. లెక్క నేనేం ముట్టలే. మరి ఎందుకు ఉల్టా చేస్తుంది?"

"దానికి దిష్టి తగిలింది. ఎండుమిరపకాయలు తిప్పుదామా?"

నవ్వలేదు. కంచంలో జొన్నరొట్టె ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ ముక్కలు చేసి లేచిపోయింది. నా కథకు నవ్వని మనిషి నా ఇంట్లో ఉండటం నాకు అదే మొదలు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. మా తండాలో చెరకు కొట్టడం బదలు పని. ఇవాళ అందరం నీ చేనులో, రేపు అందరం నా చేనులో. కూలి లేదు, అన్నం పెడితే చాలు. అందుకని చిట్టీ ఒక్కటే ఉంటే చాలదు, తండా చేతులు కూడా ఉండాలి. నా చిట్టీ గడువు సోమవారంతో తీరుతుంది. ఎవరూ కత్తి పట్టుకుని నా చేను వైపు రాలేదు. ఆడవాళ్లు బోరింగ్ దగ్గర సోమ్లి వస్తుంటే బిందెలు ఎత్తుకుని జరిగేవాళ్లు.

ఆదివారం పొద్దున ధన్‌సింగ్ బావ వాకిట్లో పంచాయితీ కూర్చుంది. నేను ఒక పక్క, సోమ్లి ఆడవాళ్ల పక్క. ధర్మిని రానివ్వలేదు.

బావ మెల్లగా మాట్లాడాడు. అరిచినా బాగుండేది. "నీ బిడ్డ మిషిన్ ముందట కూసుంది. నీ లేత చెరుకుకు చిట్టీ వచ్చింది. నా చెరుకు బెండు పడుతుంది. గిది ఎట్లయిందో చెప్పు లోక్యా."

"నాకు తెల్వదు బావా."

"చీమలకు తెలుసా?"

వాకిలంతా నవ్వింది. నా కథలకు నవ్వే నవ్వు కాదు అది.

"నా బిడ్డ కావాల్నని చెయ్యలే. ఒట్టు" అన్నాను.

"నడవను అన్న పంది మీద గూడ ఒట్టేసినవు గద" అన్నారెవరో వెనక నుంచి.

ఎన్ని చెప్పాను జీవితంలో. మొసలితో పందెం కట్టాను, పిడుగును గంపకింద మూశాను, అన్నీ నడిచాయి. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒక్క చిన్న నిజం. అది ఎవరికి చూపించినా చెల్లని పైసలాగ తిప్పి ఇస్తున్నారు.

"బావ చెరుకు ఫ్యాక్టరీకి పోయేదాక నా చెరుకు మీద కత్తి పెట్టను" అన్నాను చివరికి. "చిట్టీ పోతే పోనీ."

"మేం రాకుంటే ఒక్కనివి ఎట్ల కొడ్తవు" అన్నారు. అదీ నిజమే.

బావ తలపాగా సర్దుకున్నాడు. "రేపు పొద్దుగూకేదాక చూస్త. సంగతి తేలకుంటే ఈ సీజన్ మీ ఇంటికి బదలు లేదు, మీ ఇంటికెళ్లి మాకు వద్దు. ఎల్లన్న సారుకు గూడ నేనే చెప్త, పిల్లను గా కుర్చీలకెళ్లి లేపమని."

అప్పటిదాకా మాట్లాడని సోమ్లి లేచింది. "అన్నా, మొన్ననే నా చేతి రొట్టె తిన్నవు."

"తిన్న చెల్లే. గందుకే రేపటిదాక ఆగిన."

సోమవారం పొద్దున ధర్మి తల దువ్వుకుని, సంచి భుజానికేసుకుని గడప దాటింది. నేనూ తోడు బయలుదేరాను. వాకిలి దాటి నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి సోమ్లి గొంతు. చిలుక్కొయ్యకున్న చిట్టీ చేతిలో పట్టుకుని నిలబడింది. గడువు ఇవాళ్టితో తీరుతుందా, రేపా అని ఆమె గుబులు.

"బిడ్డా, ఇయ్యాల ఏ తారీఖే?"

నాకు ఒళ్లు మండింది. "బయలెల్లినంక వెనకకెళ్లి అడుగుతరా? గీ పూటనే దొరికిందా నీకు?"

సోమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చేసేదేముంది, వెనక్కి వచ్చాం. ధర్మి మంచం అంచున కూర్చుంది. సోమ్లి చెంబుతో నీళ్లిచ్చింది. ధర్మి చెంబు ఎత్తింది, పెదాల దాకా తెచ్చింది, అట్లాగే ఆపింది. నీళ్ల లోపలికి చూస్తున్నది.

"తాగు బిడ్డా, బస్సు పోతది" అన్నాను.

"బా" అన్నది. "అడుగుడు నేను బంద్ చేసిన గద."

"ఏం అడుగుడు?"

"తారీఖు. అది అడగకపోతే, మనం చెప్పకపోతే, దానికి ఎట్ల తెలుస్తది?"

నీళ్లు తాగనే లేదు. చెంబు మంచం మీదే పెట్టింది, అది దొర్లి నులకంతా తడిసింది. నేను చెప్పులు సరిగా వేసుకునేలోపల ఆమె సడక్ మీద ఉంది.

ఆఫీసు తాళం తీయించి, స్విచ్చి వేసింది. రాం రాం అన్నది మిషిన్. ధర్మి లెక్కలోకి పోనివ్వకుండా ఆపి, నాలుగు అక్షరాలు కొట్టింది. అద్దం మీద ఏదో వచ్చింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఏమైంది?"

"ఎనభై సంవత్సరం, జనవరి ఒకటి. దానికి ఎవరూ తారీఖు చెప్పకపోతే అదే అనుకుంటది బా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ అదే రోజు."

నా మట్టిబుర్రకు ఎక్కేటట్టు బల్ల మీద వేలితో గీసి చూపించింది. ఇది సడక్. ఈ కొసన ఇవాళ. ఇక్కడ నిలబడి వెనక్కి చూస్తే, ఉగాది తర్వాత నాటిన మన చెరకు దగ్గరగా ఉంటుంది, చలికాలంలో నాటిన మామ చెరకు దూరం. దూరమున్నది ముదురు. మామకు చిట్టీ. ఇప్పుడు మిషిన్‌ను తీసుకుపోయి ఆ కొసన, ఎనభైలో నిలబెట్టు. అక్కణ్నించి చూస్తే మామ చెరకు దగ్గరైంది, మన చెరకు దూరమైంది. అది ఎటు నుంచి చూస్తున్నదో ఆలోచించదు, దూరమే కొలుస్తుంది. అందుకే అందరికంటే లేతది అందరికంటే ముదురైంది.

ఎల్లన్న సారు వచ్చేసరికి ఆయన మొహం కూడా బాగాలేదు. ఫ్యాక్టరీ నుంచి పెద్ద సారు మధ్యాహ్నం వస్తున్నాడట. ధర్మి ఆయనకు కూడా అదే సడక్ గీసింది. ఆయన కుర్చీలో కూలబడి, తారీఖు ముద్రను చేతిలోకి తీసుకుని, దాని రబ్బరు వైపే చూస్తూ ఉండిపోయాడు. అన్ని రోజులూ సరైన తారీఖు కొట్టింది ఆయనే కదా.

"బంద్ చెయ్యమన్నది నేనే" అన్నాడు మెల్లగా. లేచి పరదా సగం జరిపాడు. "ఇగ చూడు బిడ్డా. నువ్వు సక్కగ చేసెయ్యి. మిషిన్ ఖరాబైతే నిజామాబాద్‌కెళ్లి మెకానిక్ వచ్చి చేసిండని నేను చెప్త. నీ నౌకరి ఉంటది, నా మాట ఉంటది. రేపటికెళ్లి మీ మామకు చిట్టీ గూడ వస్తది."

సారు చెప్పింది బాగుంది బిడ్డా అని నా నోటిదాకా వచ్చింది. నోట్లోంచి బయటికి మాత్రం రాలేదు. వరండాలో అప్పటికే మనుషుల సప్పుడు వినపడుతున్నది, అందులో ధన్‌సింగ్ బావ దగ్గు కూడా ఉంది.

"వస్తది సార్" అన్నది ధర్మి. "వస్తే ఏమంటరు? పంచాయితీ కూసున్న మర్నాడే సక్కగైంది, అంటే పిల్ల చేసిందే, దొరికిందని ఇడిసిపెట్టింది అంటరు. జిందగీ అంతా అంటరు."

"మరి నిజం చెప్తే నిన్ను ఇడిసిపెడ్తరా పెద్ద సారు?"

ధర్మి మిషిన్ వైపు తిరిగింది. ముందు ఆ చిన్న ఫైలు తెరిచి ఏదో కలిపింది. తర్వాత పరదా మొత్తం పక్కకు లాగి, వరండాలోకి చూసి పిలిచింది. "మామా, జర లోపలికి రా. ఈ కుర్చీల కూసో."

బావ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. చెప్పులు విడిచి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. వెనక పదిమంది గడప దగ్గర మెడలు చాచారు. ధర్మి స్విచ్చి ఆపి మళ్లీ వేసింది. రాం రాం వచ్చింది. దాని కింద మిషిన్ ఆగి, సవాల్ వేసింది.

"ఏమంటుంది?"

"ఇయ్యాల ఏ తారీఖని అడుగుతుంది మామా. నువ్వు చెప్పు."

బావ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "డిసెంబర్ పన్నెండు. ఎనభై ఎనిమిది."

ఆమె కొట్టింది. పక్కన అచ్చు మిషిన్ కిరకిరమంది. కాగితం చించి, మొదటి పేరు మీద వేలు పెట్టి చదివింది. ధన్‌సింగ్ నాయక్. నా పేరు ఎక్కడో అట్టడుగున ఉంది. మళ్లీ ఆపింది, మళ్లీ వేసింది. ఈసారి తనే ఎనభై జనవరి ఒకటి అని కొట్టింది. అచ్చయిన కాగితంలో మొదట నా పేరు. బావ పేరు అడుగున.

రెండు కాగితాలూ ఆయన ఒళ్లో పెట్టింది. నా బీడీ ఎప్పుడు నలిగిపోయిందో తెలియదు, పిడికిట్లో పొగాకు మాత్రం మిగిలింది.

"తారీఖు అడగకుంట చేసిందెవరు?" అన్నాడు బావ.

"నేనే మామా. గట్ల చేస్తే లెక్క తప్పుతదని నాకు తెల్వలే. ఇయ్యాల పొద్దుగాల్నే తెలిసింది."

బావ ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, మళ్లీ మార్చి పెట్టి, చాలాసేపు చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ తన పేరు పైన ఉందా కింద ఉందా అన్నది ధర్మి వేలు పెట్టిన చోటు గుర్తుపెట్టుకుని పోల్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గీ ముచ్చట నువ్వు చెప్తే నమ్మకపోదును లోక్యా."

"నేనయినా నమ్మకపోదును బావా" అన్నాను.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ పెద్ద సారు జీపులో వచ్చాడు. గదిలోకి పోతూ చెప్పులు కూడా విడవలేదు. "అడగకుండ మిషిన్ల చెయ్యి పెట్టింది ఎవరు?"

"నేనే సార్" అన్నది ధర్మి.

ఎల్లన్న సారు ముద్రను సిరా దిండు మీద ఒత్తుతున్నాడు, తీస్తున్నాడు, ఒత్తుతున్నాడు. ఎంతోసేపటికి, "చెయ్యమన్నది నేను సార్" అన్నాడు. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. పెద్ద సారు విన్నాడో లేదో తెలియదు. మర్నాటి నుంచి ఇక రావద్దని ధర్మికి చెప్పాడు. ఆమె కుర్చీలోకి నిజామాబాద్ నుంచి వేరే మనిషి వచ్చాడు. రాం రాం ఉన్నదట, దాని వెనక సవాల్ కూడా ఉన్నదట. అది తీసెయ్యబోతే ఎల్లన్న సారు ఒప్పుకోలేదట. రోజూ పొద్దున ఆయనే మిషిన్ పక్కన నిలబడి, గోడ మీది క్యాలెండర్ చూసి పెద్దగా తారీఖు చెప్పేవాడట.

బావ చెరకు ఆ వారమే కొట్టాం. పోయిన రసం తిరిగి రాలేదు. కొన్ని గడలు ఎత్తితే గాలి ఎత్తినట్టుంది. ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడం నాకు కష్టంగానే ఉంది. ధర్మి ఇంట్లోనే ఉండి, కొట్టేవాళ్లకు నీళ్లు మోసింది. బోరింగ్ దగ్గర బిందెలు జరపడం ఆగిందిగానీ, మాటలు తిరిగి మొదలవడానికి చలికాలం అంతా పట్టింది.

ఎండలు ముదిరాక నా వంతు సరిగ్గా అందరి తర్వాత వచ్చింది. చిట్టీ తీసుకుని ఇంటికి వస్తూ, ఎవరిని పిలవాలి, ఎట్లా పిలవాలి అని దారంతా మాటలు కూడగట్టుకున్నాను. తెల్లారి చేనికి పోతే ఆ మాటల అవసరమే పడలేదు. గట్టు పొడుగునా మనుషులు. ముందు ధన్‌సింగ్ బావ, కత్తి చంకలో పెట్టుకుని ఒక గడ విరిచి నములుతున్నాడు.

"మీసాలొచ్చినయి లోక్యా నీ చెరుకుకు" అన్నాడు. "ఇగ చెయ్యొచ్చు పెండ్లి."

ఈ కథ ఇప్పుడు పిల్లలకు చెబితే నమ్మరు. చీమలు మోసుకుపోయిన పందిని నమ్ముతారు, ఎనిమిదేండ్లు వెనక నిలబడి చెరకు కోయించిన మిషిన్‌ను నమ్మరు. నేను కూడా పట్టుబట్టను.

ఆ జూన్‌లో నిజామాబాద్‌లో కంప్యూటర్లు నేర్పే ఒకచోట ధర్మికి నౌకరి దొరికింది. అక్కడ ఆమె పేరు చెప్పింది ఎల్లన్న సారేనని తర్వాత తెలిసింది. బయలుదేరే పొద్దున సామానంతా నేను ఎత్తుకున్నాను. సోమ్లి గడప దగ్గర నిలబడింది, పెదవులు బిగించి, కొంగు నోట్లో కుక్కుకుని. ఎక్కడ ఏం అడిగేస్తానోనని ఆమె భయం.

ధర్మి వాకిలి దాటింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"యాడీ, అడగవా?"

సోమ్లి నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"ఇయ్యాల ఏ తారీఖే బిడ్డా?"

"జూన్ ఐదు. సోమవారం" అన్నది ధర్మి.

తిరిగి వచ్చి మంచం మీద కూర్చుంది. సోమ్లి ఇచ్చిన చెంబెడు నీళ్లూ తాగి, మూతి తుడుచుకుని, బస్సుకు నడిచింది.